పేరు చూసి దిగితే ఊరు రాదు

భద్రాచలం రోడ్ స్టేషన్‌లో రైలు దిగిన కొత్తవాళ్లు 'గుడి ఎటు?' అని అడుగుతుంటారు. ఇది కొత్తగూడెం, రాములవారి దగ్గరికి ఇంకా 40 కిలోమీటర్లు బస్సులో పోవాలంటే నోరెళ్లబెడతారు. సినిమా వేషాల కోసం బయల్దేరే మన పిల్లల సంగతీ అంతే. బోర్డు మీద 'ఆడిషన్' అని ఉంటుంది. తీరా దిగి చూస్తే అది వేరే ఊరు.

ఆ మధ్య భద్రాచలం నుంచి చర్ల వెళ్లే బస్సులో నా పక్కన ఒకావిడ కూర్చుంది. మాటల్లో కొడుకు సంగతి చెప్పింది. యాభై ఆకులకో కట్ట చొప్పున తునికాకు కోసి కూడబెట్టిన ఇరవై వేలు హైదరాబాద్‌లో ఎవరికో కట్టారట. ఫొటోల ఆల్బమ్ తీస్తాం, పెద్ద సినిమాలో వేషం ఖాయం అన్నారట. ఆల్బమ్ వచ్చింది. ఆ తర్వాత ఫోను ఎత్తేవాళ్లే లేరు.

'మావాడు నాటకంల నిలబడితే ఊరంతా కదలకుండ చూస్తదయ్యా. ఆ సంగతి ఎవరికి చెప్పుకోవాలో మాకు తెలవదు' అంది.

ఫోనులో కొడుకు నాటకం చూపించింది. జనం వెనక నుంచి ఎవరో తీసిన వీడియో. మనిషి గోరంత ఉన్నాడు. మైకు గోలలో ఒక్క మాటా తెలియడం లేదు. ఇరవై వేల ఆల్బమ్‌లోనేమో నల్లకళ్లద్దాలు, అద్దె కోటు. కుర్రాడి నటన అందులోనూ లేదు, ఇందులోనూ లేదు. అతని కష్టమంతా అక్కడే ఉంది.

మన ప్రాంతానికి తెర కొత్త కాదు. బాపు 'అందాల రాముడు' (1973) పడవ గోదావరి మీదుగా భద్రాద్రికే బయల్దేరింది. ఖమ్మం పొరుగునే ఉన్న కోదాడ వైపు నుంచి మద్రాసు వెళ్లిన కాంతారావు 1953లో 'ప్రతిజ్ఞ'తో హీరో అయ్యారు. ఖమ్మం జిల్లా బీరోలులో పుట్టి, రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసిన బాబూమోహన్ 1989లో 'అంకుశం'తో జనం కంట పడ్డారు. 1991లో 'మామగారు'తో ఇంటింటి మనిషయ్యారు. ఆ రోజుల్లో ఆఫీసుల మెట్లెక్కి దిగడమే మార్గం. ఇప్పుడు వెతికేవాళ్లు కూడా మనవైపు చూస్తున్నారు. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' ఆ ఊరి జనంతోనే తయారైంది. 2023లో 'బలగం'కు రంగస్థలం మీద ఆరితేరినవాళ్లు ప్రాణం పోశారు. అందుకే వెతికేవాడికి కనబడేలా ఉండటం మన వంతు.

అందుకు ఇరవై వేలు అక్కర్లేదు. ముందు మూడు ఫొటోలు. ముఖం దగ్గరగా ఒకటి, పక్కనుంచి ఒకటి, నిలువెత్తుది ఒకటి. మేకప్పూ వద్దు, ఫోను చేసే నునుపులూ వద్దు. రేపు మీరు గుమ్మంలో నిలబడితే ఫొటోలో ఉన్న మనిషే రావాలి.

తర్వాత వీడియో. పగటిపూట కిటికీకి ఎదురుగా, సాదా గోడ ముందు నిలబడండి. ఫోనును అడ్డంగా, కళ్ల ఎత్తున పెట్టించండి. ఫ్యాను ఆపేయండి. పేరు, వయసు, ఎత్తు, ఊరు, వచ్చిన భాషలు చెప్పండి. ఆపైన ఒక్క నిమిషం నటన. హీరోల డైలాగులు వద్దు, వాటిని అందరూ చెబుతారు. సంతలో బేరమో, చెల్లెలి పెళ్లి అప్పు గొడవో మీ యాసలోనే రాసుకుని చేయండి. ఇంకో నిమిషం దానికి పూర్తిగా భిన్నమైనది. కోయ భాష వస్తే దాచుకోకండి. డోలి కొట్టడం, పడవ నడపడం, చెట్టెక్కడం కూడా రాయండి. అవి నేర్పడానికి షూటింగులో తీరిక ఉండదు.

పంపేటప్పుడు నాలుగు వరుసల పరిచయం చాలు. 'ఒక్క చాన్స్ ఇప్పించండి సార్' అని రోజూ మెసేజీలు పెడితే నంబరు బ్లాక్ అవుతుంది. కొత్త నాటకమో లఘుచిత్రమో చేసినప్పుడు మాత్రం మళ్లీ పలకరించండి. ఈలోగా చేయి ఆడుతూనే ఉండాలి. ఖమ్మం భక్తరామదాసు కళాక్షేత్రంలో నాటకం ఉందంటే వెళ్లండి, ఆడేవాళ్లతో స్నేహం చేయండి. ఆకాశవాణి నాటక కళాకారుల ఎంపికకు ప్రకటన ఇస్తే దరఖాస్తు పెట్టండి. గొంతు ఒక్కటే పెట్టుబడిగా ఎదుర్కొనే నిఖార్సయిన ఆడిషన్ అది.

ఇక అసలు మాట. నటుడిని ఎంచుకునేవాడు నటుడి దగ్గర డబ్బు తీసుకోడు. రిజిస్ట్రేషన్ అన్నా, కార్డు అన్నా, డ్రెస్సుల అడ్వాన్సన్నా అక్కడితో దండం పెట్టేయండి. ప్రకటన కనిపిస్తే అది ఆ నిర్మాణ సంస్థ సొంత పేజీలోనూ ఉందో లేదో చూడండి. ఆడపిల్లలైతే తోడు లేకుండా వెళ్లొద్దు. హోటల్ గదికి రమ్మంటే అది ఆడిషన్ కాదు. తెలుగు ఫిలిం చాంబర్ 2018లోనే లైంగిక వేధింపుల ఫిర్యాదులకు కమిటీ వేసింది. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేయి దాటిపోతుంది.

ఇవన్నీ చేసినా వేషం వస్తుందన్న హామీ లేదు. వంద పంపితే తొంభైతొమ్మిదింటికి జవాబు రాకపోవచ్చు. అందుకే చేతిలో ఉన్న పనో చదువో వదిలి రైలెక్కకండి. బాబూమోహన్ కూడా ఉద్యోగం చేసినవారే.

చర్లలో దిగేముందు ఆవిడ టికెట్ వెనక రాసిచ్చాను: 'కిటికీ ఎదురుగా. మీ మాటలోనే. ఒక్క నిమిషం.' ఆవిడ దాన్ని మడిచి కొంగున ముడేసుకుంది.

'దీనికి ఎంత కట్టాలయ్యా?' అంది.

'ఏమీ కట్టొద్దమ్మా. ఎవరైనా కట్టమంటే ఇల్లు కదలనీయకు' అన్నాను.