కంచరపాలెంలో బెంగాలీ వంట

విశాఖ రైల్వే స్టేషన్ పరిసరాల్లోనూ, రామకృష్ణా బీచ్ వైపు లాడ్జీలున్న వీధుల్లోనూ బెంగాలీ అక్షరాల బోర్డులు కనిపిస్తాయి. దసరా సెలవులకీ, చలికాలంలోనూ అరకు, బొర్రా గుహలు చూడ్డానికి కలకత్తా నుంచి కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. ఆ హోటళ్లు వాళ్ల కోసం పెట్టినవి. అన్నం, పప్పు, బంగాళాదుంపల వేపుడు, చేప ముక్క ముందుకొస్తాయి. తిని వ్యాను ఎక్కుతారు. వాళ్లకు లోటేమీ లేదు. ఇబ్బందల్లా ఈ ఊళ్లో కాపురం ఉంటున్న బెంగాలీకే. కంచరపాలెంలో రెండు గదులు అద్దెకు తీసుకుని రైల్వేలోనో, ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోనో పనిచేసుకునే మనిషికి ఇంటి వంట కావాలంటే దారేమిటి? హోటలా, సొంత పొయ్యా? లేక ఏ ఊరొస్తే ఆ ఊరి తిండి తినమని మనం ఇచ్చే సలహానా?

ముందు ఆ సలహా సంగతే తేల్చేద్దాం. అది ఇవ్వడానికి మనకు అర్హత కాస్త తక్కువ. 1933లో విశాఖ రేవు తెరుచుకునే నాటికి వాల్తేరు నుంచి ఉత్తరానికి రైళ్లు నడుపుతున్నది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. స్వాతంత్ర్యం తరవాత వచ్చిన ఆగ్నేయ రైల్వేకు కూడా కేంద్ర కార్యాలయం కలకత్తాలోని గార్డెన్ రీచే. 2003లో తూర్పు కోస్తా రైల్వే పని మొదలుపెట్టేదాకా వాల్తేరు డివిజన్ ఆగ్నేయ రైల్వే కిందే ఉంది. ఆ పట్టాల మీద బెంగాలీ ఉద్యోగులు ఇటు వస్తే, ఉత్తరాంధ్ర జనం ఖరగ్‌పూర్ వర్క్‌షాపు పనులకు అటు వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. వాళ్ల సంఖ్య ఎంతటిదంటే, 2020లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వడానికి ఒప్పుకుంది. తరాలు గడిచాయని ఖరగ్‌పూర్ తెలుగువాడు చింతపండు మానేశాడా? మానలేదు. మరి ఇక్కడి బెంగాలీని ఆవనూనె మానమనడం ఏ న్యాయం?

అయినా ఆ సలహాలో బొత్తిగా పస లేదని కాదు. మన చద్దన్నానికీ వాళ్ల పాంతా భాత్‌కూ పెద్ద తేడా లేదు. రెండూ ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో దిగేవే. పులుసులో బెల్లం ముక్క వేసే ఉత్తరాంధ్ర వంట, కూరలో చిటికెడు పంచదార వేసే బెంగాలీ నోటికి మిగతా ఆంధ్రా వంటకన్నా తొందరగా పడుతుంది. అనకాపల్లి బెల్లం పక్కనే ఉంది కదా! కానీ అలవాటు పడటం వేరు, ఉన్నది వదులుకోవడం వేరు. జ్వరం తగిలినప్పుడు ఎవరికైనా చిన్నప్పటి తిండే కావాలి.

ఇక హోటలు. దాన్ని తీసిపారేయడానికి వీల్లేదు. గిన్నెలు కూడా కొనుక్కోని మొదటి వారంలో, నైట్ షిఫ్టు దిగిన పొద్దున అదే ఆధారం. రోగుల సంగతీ ఉంది. 1958లో మొదలైన దండకారణ్య పథకం కింద తూర్పు బెంగాల్ శరణార్థులు మల్కన్‌గిరి ప్రాంతంలో స్థిరపడ్డారు. ఆ ప్రాంతం నుంచి పెద్ద జబ్బు చేస్తే చాలామంది వచ్చేది విశాఖ కేజీహెచ్ ఆస్పత్రికే. ఆస్పత్రి వరండాలో కూర్చున్న వాళ్లకు తమ భాషలో పలకరించి అన్నం పెట్టే చోటు దొరికితే అదే పదివేలు.

కానీ అది ఇంటి భోజనం కాదు. బెంగాలీ ఇంట్లో విస్తరికి ఒక వరస ఉంటుంది. మొదట చేదు: కాకరకాయ, అరటికాయ, మునక్కాడ, చిలగడదుంప, వంకాయ వేసి చివర కాస్త పాలు కలిపిన సుక్తో. తరవాత పప్పు, వేపుడు, కూర. ఆ తరవాతే చేప. అది కూడా జీలకర్ర, అల్లం, బంగాళాదుంప ముక్కలతో పలచటి జోల్. ఆఖర్న తియ్యటి టమాటా చట్నీ. హోటలు ఈ వరసంతా దాటేసి నేరుగా చేప దగ్గరికి పోతుంది. జోల్ కాస్తా ఉల్లి మసాలాతో చిక్కబడి ఎర్రబడుతుంది. యజమానిని తప్పుపట్టలేం. సెలవుల్లో డబ్బు పెట్టి తినేవాడు చేదుకూర అడగడు. పొద్దున్నుంచి అయిదారు కూరగాయలు తరిగి చేసిన సుక్తో సాయంత్రానికి మిగిలిపోతే నష్టం అతనిదే. రెండు రోజుల అతిథికి సరిపోయే ఆ మసాలా, ఏడాదంతా తినేవాడి కడుపుకు పడదు. అంతే తేడా.

సొంత పొయ్యి విషయానికొస్తే సరుకులో లోటు దాదాపు లేదు. సుక్తోకు కావలసినవన్నీ కంచరపాలెం రైతు బజారులో దొరికే మామూలు కూరగాయలే. ఆవ ఘాటు మనకు కొత్తా? ఆవపెట్టిన అరటికాయ, పనసపొట్టు కూర మన పెళ్లిళ్లలో ఉండేవే. వాళ్లు ఆవనూనెలో వండుతారు, మనం చింతపండు కలుపుతాం. తూర్పు బెంగాల్ ఇళ్లలో ఇష్టపడే ఎండుచేపలకు ఈ తీరంలో కొదవలేదు. హార్బరులో పండుగప్ప దొరికితే అదే వాళ్ల భెట్కీ. శీలావతి, బొచ్చె సంగతి ఇంకా తమాషా. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెంచిన ఈ చేపలు ఐసు పెట్టెల్లో హౌరాకు వెళ్తాయి. ‘ఆంధ్రా చేప’ అని అక్కడ ముఖం చిట్లించే పెద్దమనిషి ఇక్కడికొస్తే అదే చేపను తక్కువ దూరంలో, ఇంకాస్త తాజాగా తింటాడు.

దొరకనివీ, దొరికినా అందనివీ కొన్ని ఉన్నాయి. గసగసాల పంటకు ప్రభుత్వ లైసెన్సు కావాలి, అదీ కొన్ని రాష్ట్రాల్లోనే ఇస్తారు. కాబట్టి ధర మండుతుంది, గసగసాలతో వండే ఆలూ పోస్తో పండగ వంటైపోతుంది. గోదావరి పులస వాళ్ల ఇలిష్ చేప జాతిదే అయినా దాని ధర జీతగాడికి అందేది కాదు. ఉప్పుడు బియ్యం, నల్లజీలకర్ర వెతికితే దొరుకుతాయి.

కాబట్టి అసలు కొరత సరుకుది కాదు, తీరికది. షిఫ్టులో పనిచేసే ఒంటరి మనిషి నాలుగు రకాలు రోజూ వండలేడు. కుటుంబంతో ఉంటే ఆ బరువంతా ఇల్లాలి మీద పడుతుంది. సొంత వంటను మెచ్చుకునేవాళ్లు ఈ మాట తరచు మరిచిపోతారు. వండేవాళ్లు ఎవరో చూడకుండా అది చవక అనడం సబబు కాదు.

ఇన్నీ చూశాక నా ఓటు పొయ్యికే, ఒక షరతుతో. రోజూ ఒక పప్పు, ఒక జోల్ చాలు. సుక్తో ఆదివారానికి ఉంచుకోవచ్చు. ఒళ్లు అలిసిన రోజు హోటలుకు పోవడం తప్పేం కాదు. నలుగురికి వండుకునే బెంగాలీ ఇల్లు ఏదైనా మరో ఇద్దరికి డబ్బులకు క్యారేజీ కట్టిస్తే అది అన్నిటికన్నా మేలు. ఆ ఇంటికి రెండు రూపాయలు మిగులుతాయి, తినేవాడికి వరస తప్పని భోజనం దొరుకుతుంది.

ఇల్లు అద్దెకిచ్చే మనవాళ్లకు ఒక మనవి. బెంగాలీ కుటుంబం గది చూడ్డానికి వస్తే ‘చేపలు వండుతారా, ఆవనూనె వాడతారా’ అని అడిగి పంపేయకండి. ఆ వాసన మన ఇంగువ పోపుకన్నా ఎక్కువసేపు ఉండదు. కిటికీ ఒకటి పెద్దది పెట్టించి, గది ఇవ్వండి.