సగం పరుగులో పూర్తి సన్నాహం

తెలతెలవారుతుండగా ఉప్పల్ స్టేడియం చుట్టూ, నాచారం పారిశ్రామికవాడ రోడ్ల మీద పరుగెత్తేవాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. షిఫ్టు బస్సులు బయల్దేరకముందే, జేబులో ఖర్జూరాల పొట్లంతో, నడుముకు నీళ్ల సీసాతో రోడ్డెక్కుతారు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌పై కన్నేసినవారి కోసమే ఈ సంచిక.

పూర్తి మారథాన్ 42.195 కిలోమీటర్లు. దానికి నాలుగైదు వారాల ముందు హాఫ్ మారథాన్ పరుగెత్తడం మంచి సాధన. అక్కడ రికార్డు కోసం పాకులాడొద్దు. మొదటి పది కిలోమీటర్లు మాట్లాడగలిగేంత నెమ్మదిగా వెళ్లి, తర్వాత మారథాన్ రోజుకు అనుకున్న వేగం అందుకోండి. బూట్లు, సాక్సులు, ఉప్పు కలిపిన నిమ్మరసం, అన్నీ అప్పుడే పరీక్షించుకోండి. అసలు రోజున కొత్తవేవీ వద్దు.

అయితే హాఫ్ ఒక్కటే చాలదు. కండరాల్లోని గ్లైకోజెన్ నిల్వలు చాలామందికి 30 కిలోమీటర్ల దగ్గర అడుగంటుతాయి. ఆ గడ్డుదశ హాఫ్‌లో ఎదురుకాదు. దానికి ఆదివారపు సుదీర్ఘ పరుగులే మార్గం. మన మారథాన్ దారిలో ఫ్లైఓవర్లు ఎక్కువ కాబట్టి ఎత్తుపల్లాల మీదా సాధన చేయాలి.

హాఫ్ ముగిశాక కొన్నాళ్లు ఒంటికి తెరిపినివ్వండి. విశ్రాంతి కూడా శిక్షణే.

— సంపాదకుడు