ఊజీ ఈగకు వల కట్టినాము, వైఫైని వాకిలి తెరిచి పెట్టినాము



ఈ వారం గూళ్ళ ధర సంగతి కాసేపు పక్కన పెడదాం. షెడ్డు గోడకు వేలాడుతూ పచ్చ లైటు మినుకుమినుకుమనే చిన్న పెట్టె గురించి మాట్లాడుకుందాం. అదే, వైఫై రౌటరు.

ముందు మా తప్పే చెప్పుకుంటాము. మన గుంపులో ఒక షెడ్డుకు కెమెరా, వేడీ తేమా చూపే మీటరు పెట్టించినాము. అందరికీ సౌకర్యమని పాస్‌వర్డు చంద్రికల పక్కన గోడ మీద సున్నంతో రాసినాము. ఆకు కోసేవాళ్ళు, గూళ్ళ బ్రోకరు, వీధి పిల్లలు అందరూ కలుపుకున్నారు. రౌటరు లోపలి పాస్‌వర్డు మాత్రం కంపెనీ వేసి పంపిన ‘అడ్మిన్’ గానే ఉండిపోయింది. ఒక రోజు ఎవరో లోపలికి పోయి అది మార్చేసినారు, వైఫై పాస్‌వర్డు కూడా మార్చినారు. మీటరు నుంచి ఫోనుకు కబురు ఆగిపోయింది. నాలుగో జ్వరం లేచిన పురుగులు. 25 డిగ్రీలు, 70 శాతం తేమ ఉండాల్సిన వేళ, మన కోవిల్పట్టి ఎండ సంగతి తెలుసు కదా. మనిషి పోయి చూసేసరికి పురుగులు మేత ముట్టకుండా తలలెత్తి ఉన్నాయి. ఆ పంటలో గూళ్ళు పలచబడ్డాయి. ఎవరు చేసినారో ఇప్పటికీ తెలీదు. వాకిలి తెరిచి పెట్టింది మాత్రం మేమే.

“మనది చిన్న షెడ్డు, మన దగ్గర ఏముందని దొంగ వస్తాడు?” అని చాలామంది అంటారు. అగ్గిపెట్టెలు చేసే ఊరివాళ్ళం, పుల్ల చిన్నదే కదా అని మనమే అనొచ్చునా?

దొంగ మనిషే రానక్కర్లేదు. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాం ఒకటి వచ్చింది. కంపెనీలు వేసి పంపే మామూలు పేర్లూ పాస్‌వర్డులూ 60 పైచిలుకు దాని దగ్గర ఉండేవి. వాటిని వరసగా వేసి చూస్తూ ప్రపంచమంతా లక్షల కెమెరాల్లో, రౌటర్లలో దూరింది. చిన్నదా పెద్దదా అని అది చూడలేదు, తాళం ఉందా లేదా అన్నదే చూసింది. ఆ ఏడాది అక్టోబరులో ఆ యంత్రాలనే ఉసిగొల్పి అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను నిలిపేసినారు. కెమెరాల సొంతదారులకు ఆ సంగతే తెలీదు.

మన దేశంలోదీ ఒకటి చెప్తాము. 2008 జూలై 26న అహ్మదాబాద్ పేలుళ్ళకు కొద్ది నిమిషాల ముందు ఒక బెదిరింపు మెయిల్ వచ్చింది. అది నవీ ముంబైలో ఒక ఇంటి వైఫై నుంచి పోయింది. దానికి తాళం లేదు. పోలీసులు ముందుగా వచ్చింది ఆ ఇంటికే.

ఊజీ ఈగ 1980లో బెంగాల్ గూళ్ళతో పాటు కర్ణాటకకు వచ్చి, తర్వాత మన తమిళనాడుకూ పాకింది. అప్పటినుంచి కిటికీకి వల కట్టకుండా ఎవరైనా పురుగు మేపుతున్నామా? ఒక షెడ్డు వలలో చిరుగు పక్క షెడ్డుకూ నష్టమే. వైఫై కూడా అంతే.

అందుకే మా మాట ఇది. కెమెరా, రౌటరు బిగించేవాడికి పూర్తి డబ్బు ఇవ్వొద్దు. రౌటరు లోపలి పాస్‌వర్డు, వైఫై పాస్‌వర్డు, కెమెరా పాస్‌వర్డు మూడూ మన కళ్ళ ముందు మార్చి, వేరువేరుగా పెట్టినాకే చివరి రూపాయి. ఊరి పేరు, సెల్ నంబరు పెట్టొద్దు. 12 అక్షరాలకు తక్కువ వొద్దు. సెట్టింగులో డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ ఉండాలి. పాత డబ్ల్యూఈపీ ఉంటే దాన్ని నిమిషాల్లో విప్పేస్తారు. డబ్ల్యూపీఎస్ అనే బటను ఆపేయమనండి. కొత్త అప్‌డేటు వస్తే వేయించండి.

పనివాళ్ళకు నెట్టు ఇవ్వొద్దని కాదు. చాలా రౌటర్లలో గెస్ట్ వైఫై ఉంటుంది, అది వాళ్ళకు ఇవ్వండి. మీటరూ కెమెరా ఉన్నది మనకే ఉంచుకోండి. “నన్ను అనుమానిస్తావా మామా?” అని ఎవరైనా అంటే, షెడ్డులోకి వచ్చే ముందు బ్లీచింగ్ నీళ్ళలో కాలు పెట్టమంటాం కదా, అది అనుమానమా అని అడగండి.

ఒకటి మాత్రం మరవొద్దు. వైఫైకి ఎంత తాళం వేసినా, ఫోనులో అడిగినవాడికి ఓటీపీ చెప్తే డబ్బు పోతుంది. పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోను చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

పంట దిగినాక షెడ్డు కడిగి మందు కొట్టే రోజు ఒకటి ఉంటుంది కదా. ఆ రోజే పాస్‌వర్డు కూడా మార్చేద్దాం. గోడ మీద మేము రాసినది ఇప్పటికే చెరిపేసినాము. మీ గోడ మీద ఉంటే, చాకీ పురుగు తెచ్చే లోపల మీరూ చెరిపేయండి.