చేత్తో రాస్తేనే వస్తుంది

“ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలు కొడితే చైనా అక్షరం అదే వస్తుంది, చేత్తో రాయడం దండగ” అంటాడు మా అన్నయ్య. నేను ఒప్పుకోను. సెలవుల్లో చైనా రాత నేర్చుకోవడం మొదలుపెట్టాను. ‘చెట్టు’కు 4 గీతలు: అడ్డం, నిలువు, ఎడమకు వాలేది, కుడికి వాలేది. రెండు చెట్లు కలిపితే తోపు, మూడైతే అడవి. చెట్టు పక్కన మనిషి ఉంటే విశ్రాంతి! చూసినంతసేపూ అన్నీ ఒకేలా కనిపించాయి. పదేపదే రాశాకే పట్టుబడ్డాయి. టైపింగుకు అలవాటుపడి, కలం పట్టగానే అక్షరం మరిచిపోయేవాళ్లు చైనాలోనూ ఉన్నారు. మరి మనం? తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో మెసేజ్ పెడుతూ ఒత్తులు మరిచిపోతున్నాం. మా హోసూరులో బడి దాటితే తెలుగు రాసే పనేది? తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రోజుకొక పేజీ చేత్తో రాయండి. అమ్మానాన్నలారా, దగ్గర కూర్చుని రాయించండి.