బొమ్మ వెనక అమ్మ గొంతు



మధ్యాహ్నం అన్నాలయ్యి, గిన్నెలు బోర్లించి, కాసేపు నడుం వాలుద్దామనుకుంటామా... అప్పుడే టీవీలో బొమ్మలు అరవడం మొదలుపెడతాయి. ఏ ఇంట్లో చూసినా ఇదే భాగోతం! "ఆపండిరా ఆ గోల" అని కసురుకుంటాం. ఈ వారం మాత్రం ఆ గోల గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం. బొమ్మకు ప్రాణం లేదు, నాలుక లేదు. మరి ఆ మాట ఎవరిది? ఎప్పుడైనా ఆలోచించారా?

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1993లో దూరదర్శన్‌లో ఆదివారం పూట 'జంగిల్ బుక్' వచ్చేది. ప్రొద్దుటూరులో మా వీధి పిల్లలమంతా ఒకే ఇంట్లో చేరేవాళ్లం. హిందీ ఒక్క ముక్క రాకపోయినా షేర్‌ఖాన్ పులి నోరు తెరిస్తే చాలు, వెన్నులో చలి పుట్టేది. ఆ గొంతు నానా పటేకర్‌ది అని తెలిసింది పెద్దయ్యాకనే. భాష అర్థం కాకపోయినా భయం అర్థమైంది చూడండి, అదీ గొంతుకు ఉన్న బలం!

ఇప్పటి పిల్లలకు భాష ఇబ్బంది లేదు. 2009లో ఖుషీ టీవీ వచ్చింది, 2021లో ఈటీవీ బాలభారత్ వచ్చింది. జపాన్ బొమ్మయినా, అమెరికా బొమ్మయినా మనింటికి వచ్చేసరికి తెలుగే మాట్లాడుతుంది. మన హైదరాబాదులో పుట్టిన ఛోటా భీమ్ 2008 నుంచి దేశమంతా లడ్డూలు తింటూనే ఉన్నాడు!

ఈ పని ఎట్లా జరుగుతుందో చెప్తాను, వినండి. అమెరికాలో బొమ్మల సినిమా తీసేటప్పుడు మామూలుగా ముందు మాటలు రికార్డు చేసుకుంటారు, ఆ మాటలకు తగ్గట్టు బొమ్మ నోరు గీస్తారు. తెలుగులోకి తెచ్చేటప్పుడు సంగతి తలకిందులు. బొమ్మ ముందే ఉంది, నోరు ముందే కదులుతోంది. మనవాళ్లు ఆ కదలికలో తెలుగు మాట ఇమడ్చాలి. కుట్టిన రవిక ఇచ్చి, దానికి సరిపోయే మనిషిని వెతకమన్నట్టు!

అద్దం ముందు నిలబడి "పాపం" అనండి. పెదవులు మాటిమాటికీ కలుసుకుంటాయి. ఇప్పుడు "అయ్యో" అనండి. ఒక్కసారి కూడా కలవవు. మనకు రెండూ ఒకే జాలి మాటలే. కానీ తెర మీద బొమ్మ పెదవులు మూసిందంటే అక్కడ ప, బ, మ లాంటి అక్షరం పడాల్సిందే. అందుకని మాటలు రాసేవాళ్లు అర్థం ఒక్కటే చూసుకుంటే చాలదు, పెదవులు కూడా చూసుకోవాలి. మాట పొడుగైతే బొమ్మ నోరు మూశాక కూడా గొంతు వినబడుతుంది, పొట్టిదైతే నోరు ఊరికే ఆడుతుంది.

ఇదివరకు సినిమా రీలును చిన్న చిన్న ముక్కలు చేసి, అదే ముక్కను తిప్పి తిప్పి వేసేవాళ్లు. నలుగురైదుగురు ఒకే మైకు ముందు నిలబడి చెప్పేవాళ్లు. చివరి మనిషి తడబడితే అందరూ మళ్లీ మొదటి నుంచి! ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాక ఎవరి మాట వాళ్లు ఒంటరిగా చెప్పి పోవచ్చు. తల్లి మాట సోమవారం, కొడుకు మాట గురువారం చెప్పినా తెర మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నట్టే ఉంటుంది. చుట్టూ గోడలు, చెవులకు హెడ్‌ఫోన్లు, ఎదురుగా మనిషి లేడు. అయినా ఏడుపు రావాలి, నవ్వు రావాలి. పరుగెత్తిన ఆయాసం, మింగిన చప్పుడు, కిందపడిన మూలుగు... అన్నీ నిలబడిన చోటే పుట్టించాలి. కేకలు ఎక్కువుంటే వాటిని చివరికి పెట్టుకుంటారట. ముందే అరిస్తే గొంతు బొంగురుపోయి మిగతా పని చెడుతుంది కదా!

ఇంకో సంగతి చెప్తే నవ్వుకుంటారు. మైకు ముందుకు పోయే ఆడవాళ్లు గాజులు తీసి పక్కన పెడతారు. గంజి పెట్టిన చీర, గరగరలాడే పట్టు చీర పనికిరావు. ఖాళీ కడుపుతో పోకూడదు, పేగులు అరిస్తే ఆ అరుపూ రికార్డవుతుంది!

పిల్లవాడి బొమ్మకు మాట చెప్పేది చాలాచోట్ల ఆడవాళ్లే. కారణం తేలిక. మగపిల్లవాడిని తెస్తే పన్నెండు, పదమూడేళ్లకు గొంతు మారిపోతుంది. ఆడమనిషి గొంతు ఏళ్ల తరబడి నిలుస్తుంది. అమెరికాలో బార్ట్ సింప్సన్ అనే అల్లరి పిల్లవాడి గొంతు నాన్సీ కార్ట్‌రైట్ అనే ఆవిడది, 1987 నుంచి! హిందీలో డోరేమాన్‌కు, ఛోటా భీమ్‌కు గొంతు ఇచ్చిన సోనల్ కౌశల్ కూడా ఆడమనిషే. చిన్నప్పుడే ఈ పనిలోకి వచ్చింది.

ఇదంతా నేను ఇప్పుడు ఎందుకు ఎత్తుకున్నానంటే, జమ్మలమడుగులో మా చెల్లెలి కూతురు ఉంది. ఇంటర్ అయిపోయింది. దాని గొంతు కొంచెం గరుకు. బడిలో పిల్లలు 'మగరాయుడు' అని ఏడిపించేవాళ్లు. ఇంట్లో మా చెల్లెలు "మెల్లగా మాట్లాడవే, సంబంధాలు రావు" అంటుంది. ఆ పిల్లేమో టీవీలో ఏ బొమ్మ మాట్లాడినా అచ్చం అట్లే దించేస్తుంది. పోయిన పండక్కు వచ్చినప్పుడు, "పెద్దమ్మా, నేను హైదరాబాదుకు పోయి బొమ్మలకు మాటలు చెప్తా" అనింది. మా మరిది ముఖం మాడ్చుకున్నాడు. "ఏంది వదినా ఇది, పేరు కూడా పడని పనికి ఆడపిల్లను అంత దూరం పంపేదా?" అన్నాడు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. అందుకే తెలిసిన సంగతులన్నీ కూడబెట్టుకుని ఆలోచించాను.

నొబుయో ఒయామా అని జపాన్ ఆవిడ. చిన్నప్పుడు ఆవిడ గొంతూ ఇట్లాంటిదేనట. బడిలో పిల్లలు వెక్కిరిస్తే నోరు విప్పడమే మానేసిందట. అప్పుడు వాళ్లమ్మ ఏం చెప్పిందో తెలుసా? బలహీనంగా ఉన్నదాన్ని దాచిపెడితే ఇంకా బలహీనమవుతుంది, రోజూ వాడితేనే బాగుపడుతుంది అని చెప్పి, గొంతుతో పని ఉండే బడి రేడియో బృందంలో చేరమందట. ఆ పిల్ల పెద్దదై, 1979లో డోరేమాన్‌కు గొంతు ఇచ్చింది. అప్పటికి ఆవిడకు 45 ఏళ్లు! 2005 వరకూ, 26 ఏళ్లు ఆ బొమ్మకు ఆవిడే గొంతు. బొమ్మను పుట్టించిన రచయితే ఆ మాట విని, డోరేమాన్ గొంతు ఇట్లా ఉంటుందన్నమాట అని ముచ్చటపడ్డాడట. ఆవిడ రాసిన వంటల పుస్తకం కూడా బాగా అమ్ముడుపోయింది. 2024లో కన్నుమూసింది. ఆ గొంతు వెనక ఒక తల్లి చెప్పిన మాట ఉందని నేను మా చెల్లెలికి చెప్పాను. అది చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

దూరం పోనక్కర్లేదు, మన సీమలోనే చూడండి. అనంతపురం వైపు నిమ్మలకుంటలో తోలుబొమ్మలు ఆడించే కుటుంబాలున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. తెర వెనక బొమ్మ ఆడిస్తూ మాట చెప్పడం ఆ ఇళ్లలో ఆడా మగా అందరి పనీ. సీత మాట, బంగారక్క మాట ఆడవాళ్లు చెప్పేవాళ్లు. ఆడదాని గొంతు గడప దాటకూడదన్న కాలంలో కూడా తెర వెనక నుంచి ఊరంతా విన్నది. కార్టూన్లు రాకముందే మనకు బొమ్మకు మాట చెప్పడం తెలుసు!

మన పులివెందుల పక్కన సింహాద్రిపురం. హాస్యనటుడు పద్మనాభం పుట్టిన ఊరు అది. ఆయన సొంతంగా తీసిన 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' సినిమా కోసం 1966 డిసెంబరులో ఒక కుర్రవాడి చేత మొదటి పాట పాడించారు. ఆ కుర్రవాడే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. పాటలే కాదు, ఆయన మాటల్లో కూడా దిట్ట. 'మన్మథలీల' తెలుగులోకి వచ్చినప్పుడు కమల్‌హాసన్‌కు గొంతు ఇచ్చారు. 2008లో 'దశావతారం'లో కమల్ పది వేషాలు వేస్తే, తెలుగులో ఏడింటికి బాలుగారి గొంతే, అందులో ఆడవేషం కూడా ఉంది! మన కడప జిల్లా మనిషి ఒక కుర్రవాడి గొంతును నమ్మకపోతే ఇదంతా ఎక్కడిది?

ఇక మా మరిది అన్న 'పేరు పడని పని' సంగతి. అది అబద్ధమేం కాదు. 1937లో డిస్నీ వాళ్లు 'స్నోవైట్' తీశారు. ఆ పిల్లకు మాట, పాట ఇచ్చిన ఆడ్రియానా కాసెలొట్టి పేరు తెర మీద వేయనే లేదు. ఇచ్చింది 970 డాలర్లు. ఇప్పుడు మారిందా అంటే, సగం మారింది. 2019లో 'లయన్ కింగ్' తెలుగులో వచ్చినప్పుడు సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ గొంతు ఇచ్చారని ఊరంతా తెలుసు. అదే ఏడాది 'ఫ్రోజెన్ 2'లో చిన్న ఎల్సాకు మహేశ్‌బాబు కూతురు సితార, పెద్ద ఎల్సాకు నిత్యా మేనన్ మాట చెప్పారు. 2024లో 'ముఫాసా'కు మహేశ్‌బాబే చెప్పారు. మంచిదే. కానీ రోజూ సాయంత్రం మన పిల్లలను నవ్వించే బొమ్మల గొంతులు ఎవరివి? ఒక్క పేరు చెప్పండి చూద్దాం! మన సినిమాల్లోనూ అంతే. 2011లో 'శ్రీరామరాజ్యం' చూసి నయనతార సీతమ్మకు దండం పెట్టాం. ఆ మాట గాయని సునీతది. సునీత పాట మనకు తెలుసు, మాటను గుర్తుపట్టలేదు.

దీనికి తోడు కొత్త భయం ఒకటి వచ్చింది. కంప్యూటర్‌కు ఒక మనిషి గొంతు వినిపిస్తే, అదే గొంతుతో అది మాట్లాడుతుంది. బాలుగారు 2020లో పోయారు. 2023లో వచ్చిన ఒక తెలుగు సినిమాలో ఆయన గొంతును అట్లా పుట్టించారని, తమ అనుమతి అడగలేదని ఆయన కొడుకు చరణ్ 2024లో లీగల్ నోటీసు పంపించారు. అంత పెద్దాయన గొంతుకే కాపలా కావలసి వస్తే, పేరు లేని ఆడపిల్లల గొంతుకు ఎవరు దిక్కు? కాబట్టి ఈ పనిలోకి పోయేవాళ్లు సంతకం పెట్టే కాగితం చదివి పెట్టాలి. గొంతును దేనికి వాడుకుంటారో, ఎన్నాళ్లు వాడుకుంటారో రాయించుకోవాలి.

ఇంట్లో ఇట్లాంటి పిల్ల ఉన్న తల్లులకు నాకు తోచిన మాట చెప్తాను. చదువు మాన్పించవద్దు, డిగ్రీ పూర్తి కానివ్వండి. ఈ పనిలో ఒక నెల చేతినిండా ఉంటే ఇంకో నెల ఖాళీ. "ముందు ఇంత డబ్బు కట్టండి, ఛాన్సు ఇప్పిస్తాం" అనేవాళ్లను గుమ్మం బయటనే ఆపేయండి. హైదరాబాదులో డబ్బింగ్ కళాకారులకు యూనియన్ ఉంది, అక్కడ విచారించుకున్నాకే అడుగు వేయండి. మొదటిసారి తల్లో తండ్రో తోడు పోవాలి. ఈలోగా రోజూ అరగంట పేపరు పైకి చదివించండి. ఒత్తులు, శ, ష, స తేడాలు పలకాలి. మన సీమ యాసను సిగ్గుపడి పారేసుకోనక్కర్లేదు, పుస్తక భాష దాని పక్కన నేర్చుకుంటే రెండూ పనికొస్తాయి.

గొంతు జాగ్రత్తలు పిల్లలకే కాదు, రోజంతా కేకలేసే మనకూ కావాలి సుమండీ! మంచినీళ్లు కొంచెం కొంచెంగా తరచూ తాగండి. రికార్డింగు ముందు పెరుగు, ఐస్‌క్రీం ముట్టరు చాలామంది, గొంతులో జిగురు చేరుతుందని. గొంతు రాసుకుపోతే గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించండి, ఆవిరి పట్టండి. బొంగురుపోయినప్పుడు గుసగుసలాడకండి, దానివల్ల గొంతు ఇంకా అలసిపోతుంది. మాట్లాడకుండా ఉండడమే మందు. మూడు వారాలైనా బొంగురు తగ్గకపోతే మిరియాల పాలతో సరిపెట్టుకోక గొంతు డాక్టరుకు చూపించండి.

మా చెల్లెలి కూతురి సంగతి ఇంకా తేలలేదు. మా మరిది "డిగ్రీ కానీ, చూద్దాం" అన్నాడు. ఆ 'చూద్దాం' చాలు ఇప్పటికి. మా చెల్లెలు మాత్రం దాన్ని "మెల్లగా మాట్లాడవే" అనడం మానేసింది. రోజూ సాయంత్రం పేపరు చేతికిచ్చి, పప్పు ఎనుపుకుంటూ వింటోందట.

మీ ఇంట్లోనూ గట్టిగా మాట్లాడే పిల్ల ఉంటే ఒక్కరోజు కసరకుండా కూర్చుని వినండి. మళ్లీ వచ్చే వారం కలుసుకుందాం!