మైకు సెట్టు కొనేముందు ధర చీటీ కప్పేయండి!

బళ్లారి, సిరుగుప్ప, కురుగోడు, కంప్లి తెలుగు నాటక సమాజాల పెద్దలకు, గుడి కమిటీల వారికి, చందాలిచ్చే ప్రతి ఒక్కరికీ ఒక మాట.

మైకుల్లేని రోజుల్లో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి సరసవినోదినీ సభ, కోలాచలం శ్రీనివాసరావు గారి సుమనోరమ సభ ఈ బళ్లారిలోనే నాటకాలాడాయి. బళ్లారి రాఘవ గారు నటుడిగా పేరు తెచ్చుకున్నదీ ఇక్కడే. అలాంటి ఊళ్లో ఇవాళ చివరి వరసలో కూర్చున్న పెద్దాయనకు రాగం వినిపిస్తోంది, పద్యంలో మాట మాత్రం తెలియడం లేదు. వెంటనే కమిటీలో ఒకటే మాట: "ఇంకా ఖరీదైన సెట్టు తెద్దాం!"

ఆగండి. 1987లో అమెరికా పత్రిక స్టీరియో రివ్యూ 220 డాలర్ల సరుకు మొదలు 12,000 డాలర్ల యాంప్లిఫైయర్ దాకా తెచ్చి, ఏది మోగుతోందో చెప్పకుండా వినిపించింది. వాల్యూమ్ సమానం చేశాక ఏది ఏదో శ్రోతలు నికరంగా చెప్పలేకపోయారు. స్పీకర్లలో తేడాలు నిజంగానే ఉంటాయి. కానీ 1994లో ధ్వని పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ చేసిన పరీక్షలో, కళ్లారా చూస్తూ విన్నవాళ్లు చిన్న, చవక సెట్టుకు మార్కులు తెగ్గోశారు. కనపడకుండా వినిపిస్తే అదే సెట్టు ఖరీదైనవాటి దరిదాపుల్లోకి వచ్చింది.

నాటకాల వాళ్లం, తెర కట్టడం మనకు కొత్తా? రెండు మూడు సెట్లు మన మండపానికే తెప్పించండి. తెర వెనక పెట్టించండి. మన నటుడి పద్యం, మన హార్మోనియం రికార్డు చేసి అన్నిటి మీదా అదే వేయించండి. వాల్యూమ్ సమానంగా ఉందో లేదో ఫోనులో డెసిబెల్ యాప్‌తో చూడండి. కాస్త గట్టిగా మోగిందే చెవికి మేలనిపిస్తుంది, ఆ సంగతి అమ్మేవారికి బాగా తెలుసు. విన్నవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా చీటీల మీద రాయాలి. ధర ఆ తర్వాతే అడగండి.

అసలు కొనకముందే ఉన్న మైకును నటుడికి దగ్గరగా జరిపి చూడండి. మూరెడు దూరం రెండు మూరలైతే నోటి నుంచి మైకుకు చేరే శబ్దం దాదాపు 6 డెసిబెళ్లు పడిపోతుంది. రేకుల కప్పు, బోడి గోడల ప్రతిధ్వని మాత్రం తగ్గదు. మాట ముద్దయిపోయేది అక్కడే. దానికి లక్ష రూపాయల యాంప్లిఫైయర్ మందు కాదు. వెనక గోడకు దళసరి తెరలు కట్టండి, స్పీకర్లను జనం తలల కంటే ఎత్తున పెట్టి వాళ్లవైపు వంచండి.

కమిటీ సమావేశంలో ఈ కాగితం చదివించండి. కొటేషన్ మీద సంతకం పడేముందు లేచి అడగండి: తెర కట్టి విన్నారా? వినకపోతే చందా ఆపండి.