కట్టిన మోటారు... కట్టిన తూటా!

దసరా పండక్కి మద్దికెరలో మా మామ ఇంటికి వెళ్లాను. విజయదశమి సాయంత్రం అక్కడ జరిగే గుర్రాల పరుగు చూడాలంటే చుట్టాలందరికీ ఆ ఇల్లే మకాం. డల్లాస్‌లో ఉండే మా బావ కూడా ఆ పండక్కి పదిహేనేళ్ల కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంటినిండా జనమే గానీ మామ మాత్రం లేడు. బోరు మోటారు కాలిపోతే వైండింగ్ షాపుకు వెళ్లాడట. కాయ ఊరే అదనులో బుడ్డల చేనికి తడి తప్పితే ఎట్లా అన్నది ఆయన బెంగ.

మధ్యాహ్నానికి ఆటోలో మోటారు వేసుకుని దిగాడు.

"కొత్తది కొనకపోయినావా నాన్నా? మళ్లీ కాలిపోతే?" అన్నాడు బావ.

"కొత్తదానికి అయ్యే దుడ్లలో సగం కూడా కాలేదు. కట్టేవాడు మంచోడైతే కట్టిన మోటారు కొత్తదానికి ఏం తీసిపోదురా" అన్నాడు మామ.

బావ నవ్వాడు. "నేను నీ కొడుకునే కదా. నేనూ తూటాలు కట్టినవే కొంటున్నా" అన్నాడు.

అంతే... ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దం. అత్త చేతిలోని ఓళిగ పళ్లెం కింద పెట్టేసి, "తూటాలేందిరా నాయనా!" అంది.

భయపడాల్సిందేమీ లేదని బావ చాలాసేపు సర్దిచెప్పాడు. అమెరికాలో గురి నేర్పే షూటింగ్ రేంజిలు ఊరూరా ఉంటాయి. మనవాళ్లు శనివారాలు క్రికెట్ ఆడినట్టే అక్కడ కొందరు రేంజికి వెళ్లి కాగితం మీది గుండ్రాల్ని కొట్టి వస్తారు. బావకు అదొక సరదా. గంటసేపు ఉంటే వంద తూటాలు ఇట్టే అయిపోతాయి. అందుకే కాస్త చౌకగా దొరికే 'రీమాన్యుఫ్యాక్చర్డ్' రకం కొంటున్నాడు. పెట్టె మీద రెండు మూడు డాలర్లు మిగులుతాయట. వచ్చే వేసవి నుంచి కొడుకునూ తీసుకెళ్తాడట.

ఇక్కడే మామ చెవులు నిక్కబొడుచుకున్నాయి. "తూటా ఒకసారి పేలినాక మళ్లా కట్టేదేంది?" అని అడిగాడు.

డొల్ల పాతది, లోపలివి కొత్తవి

మనం తూటా అనేదానిలో నాలుగు భాగాలుంటాయి. పైకి కనిపించే ఇత్తడి డొల్ల ఒకటి. దాని అడుగున అగ్గిపుల్ల తలలాంటి ప్రైమర్. లోపల పౌడరు. ముందు భాగంలో గుండు. ట్రిగ్గర్ నొక్కితే సూది వెళ్లి ప్రైమర్‌ను పొడుస్తుంది. ఆ నిప్పు పౌడరుకు అంటుకుంటుంది. పుట్టిన గ్యాసు గుండును గొట్టంలోంచి తోసేస్తుంది. అన్నీ అయ్యాక మిగిలేది ఖాళీ డొల్ల. తూటా ఖరీదులో దాని వాటా తక్కువేమీ కాదు. పారేయడం ఎందుకని దాన్ని మళ్లీ వాడతారు.

ఎలాగంటే, రేంజిల్లో రాలిపడ్డ డొల్లల్ని పోగుచేసి, కొలతలవారీగా వేరుచేసి, కడిగి మెరుగుపెడతారు. పాత ప్రైమర్‌ను ఊడగొట్టి కొత్తది దిగేస్తారు. పేలినప్పుడు ఉబ్బిన డొల్లను అచ్చులో నొక్కి అసలు కొలతకు తెస్తారు. పౌడరు పోసి, కొత్త గుండు బిగిస్తారు. కాలిన తీగ తీసేసి కొత్త రాగితీగ చుట్టినట్టే అన్నమాట. మోటారు బాడీ పాతది, లోపలి ప్రాణం కొత్తది.

అమెరికాలో ఇలా తయారుచేసి అమ్మే కంపెనీలకు ఫెడరల్ లైసెన్సు ఉండాలి. సొంతానికి ఇంట్లో కట్టుకునేవాళ్లకు అది అక్కర్లేదు. అభిరుచి కొద్దీ అలా కట్టుకునేవాళ్లు అక్కడ ఎందరో ఉన్నారు. కాబట్టి 'పాత డొల్ల' అనగానే ప్రమాదం అనుకోనక్కర్లేదు. శ్రద్ధగా కట్టినది కొత్తదానిలాగే పనిచేస్తుంది.

మరి తేడా ఎక్కడ?

గ్రాములో మూడో వంతు

పిస్తోళ్లలో ఎక్కువగా వాడే 9 ఎంఎం తూటానే తీసుకోండి. అందులో పోసే పౌడరు సుమారు గ్రాములో మూడో వంతు. చిటికెడు కూడా కాదు. కానీ అది మండినప్పుడు పుట్టే ఒత్తిడికి అమెరికా తయారీదారుల సంస్థ 'సామి' పెట్టిన గరిష్ఠ పరిమితి చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. మన మోటారు సైకిల్ టైరులో గాలి 30 పౌండ్లు. అంటే దానికి వెయ్యి రెట్ల పైమాటే! ఆ ఒత్తిడిని చేతిలోని ఉక్కు గొట్టం ఆపుతుంది. కొలత తప్పితే ఆపలేదు.

కొలత రెండు రకాలుగా తప్పొచ్చు. కొన్ని రకాల పౌడరు రెండు మోతాదులు పడినా డొల్లలో ఇమిడిపోతుంది. పైన గుండు బిగించేశాక ఎవరికీ కనిపించదు. అలాంటిది పేలితే తుపాకీయే బద్దలు కావచ్చు. రెండోది పైకి అమాయకంగా ఉంటుంది. అసలు పౌడరే పడకపోవడం. అప్పుడు ప్రైమర్ బలానికే గుండు కాస్త కదిలి గొట్టంలో ఇరుక్కుంటుంది. 'ఢాం' అనాల్సింది 'టప్' అంటుంది. పేలలేదేమో అనుకుని అలవాటుగా ఇంకో తూటా ఎక్కించి కొట్టారా... దారికి అడ్డంగా మొదటి గుండు ఉంటుంది. గొట్టం పగిలేది అక్కడే. పోయేవి వేళ్లు, కళ్లు.

డొల్ల సంగతీ ఉంది. తీగను పదేపదే వంచితే విరిగినట్టే, ఇత్తడి కూడా పేలిన ప్రతిసారీ, నొక్కిన ప్రతిసారీ కొంచెం కొంచెం పెళుసెక్కుతుంది. మూతి దగ్గర సన్నటి పగుళ్లు వస్తాయి. మంచి కంపెనీలు అలాంటివి ఏరిపారేస్తాయి. పౌడరు సరిగా పడిందో లేదో చూసే పరికరాలూ యంత్రాలకు అమరుస్తాయి. అన్నీ చేసినా ఆ డొల్ల ఇంతకుముందు ఎన్నిసార్లు పేలిందో చెప్పడం కష్టం. కొత్త తూటాలో ఆ ఒక్క సందేహం ఉండదు. పౌడరు తప్పులు మాత్రం కొత్తవాటిలోనూ జరుగుతాయి. పేరున్న కంపెనీలు కూడా ఫలానా లాట్ నంబరు తూటాలు వాడొద్దని వెనక్కి పిలిపించుకున్న సందర్భాలున్నాయి.

మామ అడిగిన ప్రశ్న

ఇదంతా బావే చెప్పాడు. మామ ఓపిగ్గా విని ఒక్కటే అడిగాడు.

"షాపులో మోటారును కరెంటు పెట్టి తిప్పించినా. నీళ్ల తొట్లో దించి చూసినాకనే దుడ్లు ఇచ్చినా. నీ తూటాను ఎవరు తిప్పి చూసినార్రా?"

బావ దగ్గర జవాబు లేదు. నిజానికి ఎవరి దగ్గరా ఉండదు. పరీక్షించిన తూటా అంటే పేలిపోయిన తూటాయే. మనం చేతిలోకి తీసుకునే ప్రతిదీ పరీక్షించనిదే. వెయ్యింటిలో కొన్నిటిని పేల్చి చూసి మిగతావాటిని నమ్మాలి. అంటే మనం కొనేది తూటాను కాదు, తయారుచేసినవాడి శ్రద్ధను. మోటారు మోసం చేస్తే ఒక తడి పోతుంది. తూటా మోసం చేస్తే?

కాసేపయ్యాక బావ గొంతు తగ్గించి ఇంకో సంగతి చెప్పాడు. మూడు నెలల కిందట రేంజిలో ఆయన చేతిలోనే 'టప్' మందట. తూటా కట్టినదే. ఏమీ తోచక పిస్తోలు స్లైడును వెనక్కి లాగి మళ్లీ గురిపెట్టాడు. పక్కనున్న పెద్దాయన "ఆపు!" అని అరిచాడు. రేంజి ఉద్యోగి వచ్చి విప్పిచూస్తే గొట్టంలో గుండు ఇరుక్కుని ఉంది. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆరోజు వెనకాల అద్దం అవతల నిలబడి చూస్తున్నది ఆయన కొడుకే.

అత్త మాట్లాడలేదు. మనవణ్ని దగ్గరికి తీసుకుంది.

తెలిసినవాళ్లుంటే చెప్పండి

మన ఇళ్లలో ఈ సమస్య రాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మనదేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. మన పిల్లలు షూటింగ్ నేర్చుకునేది ఎక్కువగా గాలి తుపాకులతోనే. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అందులో పౌడరే ఉండదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఈషా సింగ్ బృందం స్వర్ణం గెలిచిన 25 మీటర్ల పిస్టల్ పోటీలో వాడేది .22 తూటా. దాని ప్రైమర్ మందు డొల్ల అంచులోనే ఉంటుంది. అది చితికాక మళ్లీ వాడటం కుదరదు కాబట్టి అక్కడా కొత్తదే.

కానీ ఇప్పుడు మన ఊళ్లలో అమెరికాలో పిల్లలున్న ఇళ్లు తక్కువేమీ కావు. ఫోన్లో మాట్లాడేటప్పుడు ఈ నాలుగు మాటలు చెప్పండి.

నేర్చుకునేవాళ్లకు కొత్తవే మంచివి. శబ్దంలో తేడా పసిగట్టడం అనుభవం మీద గానీ రాదు. కట్టినవే కొంటే లైసెన్సున్న కంపెనీవి, పెట్టె మీద లాట్ నంబరు ఉన్నవి కొనాలి. అన్నీ అయ్యేదాకా ఆ పెట్టె పారేయకూడదు. స్నేహితుడు ఇంట్లో కట్టి సంచిలో పోసి ఇచ్చినవి ఎంత దగ్గరివాడిచ్చినా వద్దు. తుపాకీతో వచ్చిన పుస్తకం కూడా చదవాలి. మళ్లీ కట్టిన తూటాల వల్ల పాడైతే పూచీ లేదని చాలా కంపెనీలు అందులోనే రాస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యం, 'టప్' మంటే ఆగిపోవాలి. అసలేమీ పేలకపోతే గొట్టాన్ని గురివైపే ఉంచి అర నిమిషం ఆగాలి. కొన్ని ఆలస్యంగా పేలుతాయి. ఆ తర్వాత రేంజివాళ్లను పిలవాలి.

ఇంకొకటి. మా బావకు గ్రీన్ కార్డు ఉంది. హెచ్-1బి, విద్యార్థి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధించింది. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. సరదాగా వెళ్లి చిక్కుల్లో పడితే వీసాకే ఎసరు.

పండగ అయ్యాక బావ వెళ్లిపోయాడు. నెల తర్వాత ఫోన్ చేశాడు. మిగిలిన కట్టిన తూటాల్ని రేంజిలో అప్పగించేసి, కొడుకు కోసం కొత్త పెట్టె కొన్నాడట. కొట్టడం కన్నా ముందు ఆగడం నేర్పిస్తున్నానన్నాడు.

ఆ మాట మామకు చెబితే తలూపి, చేనివైపు నడిచాడు. ఆయన కట్టించుకొచ్చిన మోటారు ఇంకా నడుస్తూనే ఉంది.